ముందు బండి ఖాయం చేసుకోండి, సెటప్ తర్వాత చూద్దాం: ఏసీసీలో మూడు జీటీ3 కార్లు

హాయ్ అండి అందరికీ. వెనకాల సౌండ్ వస్తే ఏమీ అనుకోకండి, మాది చెన్నైలో వేళచ్చేరి, మా వీధిలోకి ఇప్పుడే వాటర్ లారీ వచ్చింది, మోటర్ ఆన్ చేశారు. పోనీ రాత్రికి రికార్డ్ చేద్దామంటే కింద ఓనర్ ఆంటీ వాళ్ళు పదింటికే పడుకుంటారు, రేసింగ్ గేమ్ ఆడుతూ బ్రేక్ పెడల్ తొక్కితే వాళ్ళ సీలింగ్ మీద దబదబా అని వినిపిస్తుందంట, అందుకే పెడల్స్ కింద అమ్మ పంపిన బొంత నాలుగు మడతలు పెట్టి వేశాను, ఇదిగో చూడండి. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది, టైల్స్ మీద పెడల్స్ జారట్లేదు.

సరే విషయానికి వచ్చేద్దాం. ఈ నెల రోజుల్లో నన్ను ఎక్కువమంది అడిగింది ఒకటే, అన్నా ఏసీసీలో ఏ కారు తీసుకోవాలి, సెటప్ ఎక్కడ దొరుకుతుంది అని. సెటప్ అంటే టైర్ గాలి, బ్రేకులు, వింగ్ లాంటివి మనకి తగ్గట్టు సర్దుకునే లెక్క. ఏసీసీ అంటే అసెట్టో కోర్సా కాంపిటిజియోనె, కొత్తవాళ్ళ కోసం చెప్తున్నా, ఇటలీకి చెందిన కునోస్ సిములాజియోనీ చేసిన సిమ్, అంటే నిజం కారు నడిపినట్టే ఉండే రేసింగ్ గేమ్, 2019 మే నెలలో ఫుల్ రిలీజ్ అయింది, ఇందులో ముఖ్యంగా జీటీ3 కార్లే ఉంటాయి, అంటే రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్లని రేస్ కోసం మార్చి చేసినవి. 2024లో మన చెన్నైలో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రి లైట్ల కింద స్ట్రీట్ రేస్ జరిగింది కదా, 3.5 కిలోమీటర్ల ట్రాక్, అది చూసొచ్చాకే మా ఫ్రెండ్స్‌లో ముగ్గురు గేమ్ ఆడే స్టీరింగ్ వీల్స్ కొన్నారు, ముగ్గురూ మొదటి రోజే అడిగింది కూడా ఇదే ప్రశ్న. అందుకే ఈ వీడియో కోసం మూడు కార్లు తీసుకుని, ఒకే ట్రాక్, ఒకే వెదర్, ఒకే ఫ్యూయల్ పెట్టి నడిపాను. బీఎండబ్ల్యూ ఎం4 జీటీ3, మెర్సిడెస్ ఏఎంజీ జీటీ3, పోర్షే 911 జీటీ3 ఆర్, అందులో పాత 991 మోడల్. ట్రాక్ ఏమో బ్రాండ్స్ హ్యాచ్, ఇంగ్లండ్‌ది, గ్రాండ్ ప్రీ లేఅవుట్, 3.9 కిలోమీటర్లు చిల్లర.

బ్రాండ్స్ హ్యాచ్ ఎందుకంటే అక్కడ కారులో ఉన్న గుణం, లోపం రెండూ మొదటి నిమిషంలోనే బయటపడతాయి. స్టార్ట్ లైన్ దాటగానే ప్యాడక్ హిల్ బెండ్, రైట్‌కి తిరుగుతూనే కింద రోడ్డు బావిలోకి దిగినట్టు దిగిపోతుంది, వెంటనే మళ్ళీ పైకి ఎక్కి డ్రూయిడ్స్ అనే హెయిర్‌పిన్, యూ టర్న్ లాంటి మలుపు, అంటే ఫాస్ట్ కార్నర్, స్లో కార్నర్, దిగుడు, ఎక్కుడు అన్నీ పక్కపక్కనే ఉన్నాయి.

ముందు బీఎండబ్ల్యూ. ఇంజిన్ ముందు, 3 లీటర్ల స్ట్రెయిట్ సిక్స్, అంటే ఒకే వరసలో ఆరు సిలిండర్లు, ట్విన్ టర్బో. పొడుగ్గా ఉంటుంది బండి, ఆ పొడుగే దీనికి బలం. ప్యాడక్ హిల్‌లో స్టీరింగ్ తిప్పి కొంచెం భయపడి గ్యాస్ వదిలేసినా వెనక భాగం ఏమీ అలగదు, తన దారిన తను పోతుంది. ట్రాక్ అంచున ఉండే కెర్బ్ ఎక్కినా కుదుపు తక్కువే. కష్టం ఎక్కడంటే డ్రూయిడ్స్‌లో, ముక్కు లోపలికి రానంటుంది, మీరు తిప్పుతూనే ఉంటారు అది బయటికే చూస్తూ ఉంటుంది, అండర్‌స్టీర్ అంటే అదే.

మెర్సిడెస్ గురించి త్వరగా చెప్పేస్తాను ఎందుకంటే గుణం దాదాపు అదే కోవ. 6.2 లీటర్ల వీ8, టర్బో లేదు, ఆ సౌండ్ కోసం నడిపేవాళ్ళు ఉన్నారు, నేనూ నడుపుతాను. టర్బో లేదు కాబట్టి కాలు ఎంత నొక్కితే పవర్ అంతే వస్తుంది, వెనక టైర్లు ఎప్పుడు జారబోతున్నాయో కాలికే తెలుస్తుంది. బానెట్ మాత్రం చాలా పొడుగు, లోపలి నుంచి చూస్తే కార్నర్ లోపలి అంచు కనపడదు, వారం రోజులు అలవాటు పడాలి.

ఇక పోర్షే. దీని దగ్గర కొంచెంసేపు ఆగుదాం. 4 లీటర్ల ఫ్లాట్ సిక్స్, అంటే మూడు అటు మూడు ఇటు పడుకున్న ఆరు సిలిండర్ల ఇంజిన్ వెనక చక్రాల కంటే వెనక్కి వేలాడుతూ ఉంటుంది. మన దగ్గర స్కూటర్ మీద వెనక గ్యాస్ సిలిండర్ కట్టుకుని వెళ్ళినవాళ్ళకి ఈ ఫీల్ చెప్పక్కర్లేదు, ముందు హ్యాండిల్ తేలిగ్గా ఉంటుంది, వెనక మాత్రం ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆపడం మన చేతిలో ఉండదు. పోర్షేలో ప్యాడక్ హిల్ దగ్గర సగం తిప్పాక గ్యాస్ వదిలారనుకోండి, బరువంతా ముందుకి వస్తుంది, వెనక టైర్ల మీద భారం తగ్గుతుంది, అంతే, గిర్రున తిరిగి కంకర్లో పడతారు. కానీ అదే బండి డ్రూయిడ్స్ నుంచి బయటికి వచ్చేటప్పుడు చూడాలి, బరువు వెనక టైర్ల మీదే ఉంది కాబట్టి మిగతా రెండు కార్లు ట్రాక్షన్ కంట్రోల్, అంటే టైర్లు జారకుండా పవర్ తగ్గించే సిస్టమ్, దాని లైట్ వెలిగించుకుంటూ ఉంటే ఇది నేలని పట్టుకుని లాక్కెళ్ళిపోతుంది. దీని కిటుకు ఏంటంటే బ్రేక్ ఒక్కసారిగా వదలకూడదు, స్టీరింగ్ తిప్పుతూ తిప్పుతూ బ్రేక్ కొద్దికొద్దిగా వదలాలి, ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు, అప్పుడే తేలిగ్గా ఉన్న ముందు టైర్ల మీద బరువు ఉండి ముక్కు లోపలికి వస్తుంది.

ఇప్పుడు నా టైమ్స్. గేమ్‌లోనే రెడీగా వచ్చే సేఫ్ అనే సెటప్, ఒక్కో కారుకి 15 ల్యాప్‌లు. పోర్షేలో బెస్ట్ 1:25.8, మూడింటిలో అదే ఫాస్ట్. బీఎండబ్ల్యూలో బెస్ట్ 1:26.2. అయితే పోర్షే తీసుకోవాలి కదా అంటారు. ఆగండి. 15 ల్యాప్‌ల లిస్ట్ చూడండి స్క్రీన్ మీద. పోర్షేలో 1:25.8 ఉంది, 1:28 ఉంది, రెండుసార్లు స్పిన్ ఉంది. బీఎండబ్ల్యూలో ఆరో ల్యాప్ నుంచి పదిహేనో ల్యాప్ దాకా అన్నీ 1:26.2 నుంచి 1:26.9 లోపే. రేస్ అంటే ఒక్క ల్యాప్ కాదండి, గంటసేపు పక్కన జనం ఉండగా నడపాలి. అందుకే కారు ఎంచుకునేటప్పుడు బెస్ట్ ల్యాప్ చూడొద్దు, బెస్ట్‌కీ చెత్త ల్యాప్‌కీ ఎంత తేడా ఉందో చూడండి, ఏ బండిలో ఆ తేడా తక్కువుంటే అదే మీ బండి. మీ చేతికి పోర్షే కుదరొచ్చు, నాకు తెలిసిన ఒంగోలు తమ్ముడు ఒకడికి మొదటి రోజే కుదిరింది, వాడికి బైక్ మీద బ్రేక్ వదిలే పద్ధతి ముందే చేతిలో ఉంది.

ఇప్పుడు సెటప్. ఇది మనసుకి తగిలిన విషయం కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. నేను మొదట్లో చేసిన పని ఏంటంటే, చాలా ఫాస్ట్‌గా నడిపే ఒకాయన సెటప్ ఫైల్ తెచ్చి పెట్టుకున్నాను. రెండు వారాలు బ్రాండ్స్ హ్యాచ్‌లోనే సర్టీస్ అనే కార్నర్ దగ్గర స్పిన్ అవుతూనే ఉన్నాను, రోజూ ఆఫీస్ నుంచి వచ్చి రెండు గంటలు, నాకు రాదేమో అనుకున్నా నిజంగా. తప్పు ఆ ఫైల్‌ది కాదు. అది ఆయన కొలతలకి కుట్టించుకున్న చొక్కా. ఆయన వెనక భాగం ఊగుతూ ఉంటేనే కారు తిప్పగలిగే మనిషి, నేనేమో వెనక ఊగితే గ్యాస్ వదిలేసే మనిషిని.

ఆ టైమ్‌లోనే ఒక ఆదివారం ఇరుంగాట్టుకోట్టై వెళ్ళాను, రేస్ చూడ్డానికి. బెంగళూరు హైవే మీద శ్రీపెరుంబుదూర్ దగ్గర, మద్రాస్ మోటర్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళ ట్రాక్, 3.7 కిలోమీటర్లు ఉంటుంది. ప్రాక్టీస్ అయ్యి ఒక ఫార్ములా కారు లోపలికి వచ్చింది, డ్రైవర్ ఇంకా హెల్మెట్ కూడా తీయలేదు, మెకానిక్ ఒకాయన మోకాళ్ళ మీద కూర్చుని గేజ్ పెట్టి నాలుగు టైర్లలో గాలి చూసి, జేబులో ఉన్న చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు, చెమట ఆ పేజీ మీద పడుతూ ఉంది. మాటల్లో తెలిసింది ఆయనది సూళ్ళూరుపేట వైపు అని. తెలుగులోనే అడిగాను, ఎందుకన్నా అంత తొందర, కాసేపాగి చూడొచ్చు కదా అని. టైర్ చల్లారితే నంబర్ మారిపోతుంది, వేడి మీద ఎంత ఉందో అదే లెక్క, గాలి సరిగ్గా లేకపోతే మిగతావేవీ ముట్టుకోను అన్నాడు. ఇంటికొచ్చి సిమ్ ఆన్ చేసి నా గాలి చూసుకుంటే నాలుగు టైర్లలోనూ 28 పీఎస్ఐ దాటి ఉంది.

లెక్క ఇదీ. ఏసీసీలో ట్రాక్ పొడిగా ఉన్నప్పుడు వాడే స్లిక్ టైర్లకి, అంటే గాళ్ళు లేని నున్నటి టైర్లకి, నడుస్తూ వేడెక్కాక గాలి 26 నుంచి 27 పీఎస్ఐ మధ్యలో ఉండాలి. గ్యారేజ్‌లో మీరు పెట్టేది చల్లగా ఉన్నప్పటి గాలి. మూడు నాలుగు ల్యాప్‌లకి అది రెండు, రెండున్నర పెరుగుతుంది. 26 ఉండాలన్నారు కదా అని గ్యారేజ్‌లోనే 26 పెట్టుకుంటే ట్రాక్ మీద 28 అవుతుంది, టైర్ మధ్యలో ఉబ్బి నేలకి తగిలే భాగం తగ్గిపోతుంది, పట్టు పోతుంది. మే నెలలో చెన్నై ఎండలో సైకిల్ ఫుల్ గాలి కొట్టించి వదిలేస్తే ఏమవుతుందో మన అందరికీ తెలుసు, ఇదీ అదే. ఇంకోటి, వెదర్ మారితే గాలి మారుతుంది. ఉజ్జాయింపుగా బయట వేడి ఒక డిగ్రీ పెరిగితే టైర్లో గాలి 0.1 పీఎస్ఐ పెరుగుతుంది అనుకోండి. నేను తెచ్చుకున్న ఫైల్ 20 డిగ్రీల సర్వర్ కోసం చేసింది, నేను నడిపింది 30 డిగ్రీలలో. పది డిగ్రీల తేడా, ఒక పీఎస్ఐ అక్కడే పోయింది. రెండు వారాలు నన్ను నేను తిట్టుకున్నాను, అందులో సగం గాలి తప్పే.

గాలి సరిపోయాక, పది ల్యాప్‌లు ఏమీ మార్చకుండా నడపండి. ప్లీజ్. తర్వాత ఎక్కడ కష్టంగా ఉందో మాటల్లో చెప్పుకోండి, బ్రేక్ వేసేటప్పుడా, తిప్పేటప్పుడా, గ్యాస్ ఇచ్చేటప్పుడా. బ్రేక్ వేస్తూ ఉండగా వెనక ఊగితే బ్రేక్ బయాస్, అంటే ముందు వెనక చక్రాలకి బ్రేక్ పంచే లెక్క, రెండు మూడు క్లిక్‌లు ముందుకి జరపండి, ముక్కు తిరగకుండా నేరుగా పోతుంటే కొంచెం వెనక్కి. స్లో కార్నర్‌లో బీఎండబ్ల్యూలా ముక్కు రాకపోతే ముందు చక్రాల వైపు యాంటీ రోల్ బార్, అంటే కార్నర్‌లో కారు పక్కకి ఒరగకుండా ఆపే రాడ్, ఒక మెట్టు మెత్తగా చేయండి, నాకు డ్రూయిడ్స్‌లో ఈ ఒక్క మార్పుతోనే సగం కార్ వెడల్పు లోపలికి వచ్చింది. ఫాస్ట్ కార్నర్‌లో వెనక భయపెడుతుంటే వెనక రెక్క, అదే వింగ్, ఒకటి పెంచండి, స్ట్రెయిట్‌లో కొంచెం స్పీడ్ పోతుంది, పోనివ్వండి. గ్యాస్ ఇస్తే వెనక జారితే మొదట ట్రాక్షన్ కంట్రోల్ ఒకటి పెంచి చూడండి. డ్యాంపర్లు, స్ప్రింగులు, చక్రాల కోణాలైన టో, క్యాంబర్ మొదటి నెలంతా ముట్టుకోవద్దు. ఒకసారికి ఒకటే మార్చండి, రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో దేవుడికి కూడా తెలీదు. నేనూ ఆ మెకానిక్ అన్నలాగే ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను, ఇదిగో, తేదీ, కారు, వేడి గాలి నాలుగు నంబర్లు, ఏం మార్చాను, ఏమనిపించింది.

ఫ్యూయల్ మర్చిపోతారు చాలామంది. ప్రాక్టీస్‌లో 5 లీటర్లతో తిరిగి రేస్‌కి 60 పోస్తారు. లీటర్ దాదాపు ముప్పావు కేజీ, అంటే 40 కేజీలు ఎక్కువ, బ్రేక్ పాయింట్ మారిపోతుంది, మొదటి కార్నర్‌లోనే ముందోడిని గుద్దేస్తారు. రేస్‌లో ఎంత పోస్తారో అంతే పోసుకుని ప్రాక్టీస్ చేయండి.

వీల్ సంగతి. నాది లాజిటెక్ జీ29, 900 డిగ్రీలు తిరుగుతుంది, సాఫ్ట్‌వేర్‌లో 900, గేమ్‌లో కూడా 900 పెట్టండి, ఒక్కో కారుకి ఎంత తిరగాలో గేమే చూసుకుంటుంది. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ గెయిన్, అంటే వీల్ మన చేతిని లాగే బలం, మరీ ఎక్కువ పెడితే కార్నర్‌లో వీల్ ఒకటే గట్టిగా లాగుతూ ఉంటుంది, టైర్ జారడం మొదలైన సంగతి చేతికి చేరదు, కాబట్టి కొంచెం తగ్గించే పెట్టుకోండి. చూపు కూడా ముఖ్యం, గేమ్‌లో ఫీల్డ్ ఆఫ్ వ్యూ అని ఉంటుంది, స్క్రీన్ మీద ఎంత మేర కనపడాలో ఆ కోణం, 27 ఇంచుల మానిటర్ కంటికి 65 సెంటీమీటర్ల దూరంలో ఉంటే నిలువుగా అసలు కోణం 29 డిగ్రీల దగ్గర వస్తుంది, మరీ ఇరుకనిపిస్తే కొంచెం పెంచుకోండి కానీ 60, 70 పెడితే కార్నర్ ఎంత దూరంలో ఉందో కన్ను మోసపోతుంది. కుర్చీ చక్రాలు బ్రేక్ తొక్కినప్పుడల్లా వెనక్కి పోతున్నాయని అడిగిన అక్క ఉన్నారు, అక్కా, నేను చక్రాలు పాత బూట్లలో పెట్టేశాను, చూడండి, కదలట్లేదు.

అయితే నా మాట, కొత్తగా మొదలుపెడితే ఎం4, సౌండ్ ఇష్టమైతే మెర్సిడెస్. పోర్షే మీద మనసుంటే తీసుకోండి, ఆపను, కానీ ఆ కాలు బ్రేక్ మెల్లగా వదలడం నేర్చుకునేదాకా రేసుల్లోకి వెళ్ళొద్దు, పక్కవాళ్ళ రేస్ కూడా పాడవుతుంది. ఏది తీసుకున్నా నెలరోజులు అదే.

లారీ వెళ్ళిపోయినట్టుంది. ఓనర్ ఆంటీ నిద్రపోయేలోపు ఇంకా గంటన్నర ఉంది, పోర్షేలోనే మళ్ళీ ఒక ఇరవై ల్యాప్‌లు వేస్తున్నా, 28 డిగ్రీలు, 60 లీటర్లు, గాలి ముందు 24.1, వెనక 24.0 పెట్టాను. నాలుగో ల్యాప్‌కి ఎంత చూపిస్తుందో స్క్రీన్ మీద కుడివైపు కింద పెడుతున్నా, చూడండి.