కొలవకముందు ఎలక్ట్రాన్ ఎక్కడుంది?

సభకు నమస్కారం.

క్వాంటం యాంత్రిక శాస్త్రంలో లెక్కల గురించి పెద్దగా తగాదా లేదు. 1926లో ష్రోడింగర్ ఇచ్చిన సమీకరణాన్ని, దానికి వేర్వేరు అర్థాలు చెప్పిన భౌతిక శాస్త్రవేత్తలు నీల్స్ బోర్ అనుయాయులూ, డేవిడ్ బోమ్ అనుయాయులూ ఒకే విధంగా సాధించి, ప్రయోగశాలలో సరిపోలే ఒకే సంభావ్యతలను రాబడతారు. తగాదా అంతా ఆ సమీకరణంలోని తరంగ ప్రమేయం (కణం ఎక్కడ దొరకవచ్చో సంభావ్యతలిచ్చే గణిత రాశి) వర్ణిస్తున్నది ప్రపంచాన్నా, ప్రపంచం గురించి మనకున్న సమాచారాన్నా అన్న చోటే మొదలవుతుంది.

కొలత పరికరాన్ని పక్కనపెట్టి ఎలక్ట్రాన్ స్థానం గురించి మాట్లాడటమే అర్థరహితమన్నది స్థూలంగా బోర్ వైఖరి. అయితే ఆ పరికరమూ పరమాణువులతో చేసినదే కదా, మరి క్వాంటం నియమాలు ఎక్కడ ఆగి మామూలు నియమాలు ఎక్కడ మొదలవుతాయన్న ప్రశ్నకు ఆయన రచనల్లో నాకు తృప్తికరమైన జవాబు కనిపించలేదు.

కణానికి ఎప్పుడూ నిర్దిష్ట స్థానం ఉంటుందనీ, తరంగం దానికి దారి చూపుతుందనీ 1927 సోల్వే సమావేశంలో డి బ్రోయ్ ప్రతిపాదించి, విమర్శల తర్వాత వదిలేశాడు. 1932లో గణితవేత్త ఫాన్ నాయ్‌మన్ ఇటువంటి గుప్త చలరాశులు, అంటే తరంగ ప్రమేయం చెప్పని నిర్దిష్ట విలువలు, అసాధ్యమని గణితపరంగా నిరూపించినట్టు చాలామంది నమ్మారు. ఆ నిరూపణ ఆధారపడిన ఊహలో లోపాన్ని 1935లోనే గ్రేటే హెర్మన్ ఎత్తిచూపినా, పట్టించుకున్నవారు అరుదు. 1952లో డేవిడ్ బోమ్ డి బ్రోయ్ ఆలోచననే సిద్ధాంతంగా మలిచి, అసాధ్యమన్నదాన్నే చేసి చూపాడు. భౌతిక శాస్త్రవేత్త జాన్ బెల్‌ను కదిలించింది ఆ పనే.

గుప్త చలరాశుల కథ 1964 నాటి బెల్ సిద్ధాంతంతో ముగిసిందని తరచూ వింటాం. అది అర్ధసత్యం. బెల్ అసమానతలు (దూరదూరాన ఉన్న కణాల కొలత ఫలితాలు ఒకదానితో ఒకటి ఎంతవరకు పొంతన చూపగలవో చెప్పే హద్దులు) ఇరుకున పెట్టింది, ఇక్కడి ఫలితం దూరాన ఉన్న పరికరం అమరికపై ఆధారపడదనే స్థానిక సిద్ధాంతాలను. 1982లో ఆస్పే బృందం చేసిన ప్రయోగాలూ, తర్వాత మరింత కట్టుదిట్టంగా జరిగినవీ ఆ అసమానతల ఉల్లంఘననే చూపాయి. 2022 నోబెల్ ఈ కృషికే దక్కింది. బోమ్ సిద్ధాంతం స్థానికతను బాహాటంగానే వదులుకుంది గనుక దానికి ఈ దెబ్బ తగలదు.

ఎవరెట్ 1957లో వేరే దారి పట్టాడు. ఆయన ప్రకారం, కొలిచినప్పుడు తరంగ ప్రమేయం ఒకే ఫలితానికి కుప్పకూలడమన్నది ఎన్నడూ జరగదు, అన్ని ఫలితాలూ ప్రపంచపు వేర్వేరు శాఖల్లో సంభవిస్తాయి. అన్నీ జరిగేటప్పుడు ఒకదానికి మూడింట రెండు వంతుల సంభావ్యత ఉందనడంలో అర్థమేమిటో చెప్పడం ఈ వాదానికి ఇప్పటికీ కష్టంగానే ఉంది.

నా మొగ్గు బోమ్ వైపే. కానీ దూరదూరాన ఉన్న కణాలను ఒకే క్షణంలో ముడిపెట్టే ఆ సిద్ధాంతానికి, ‘ఒకే క్షణం’ అందరికీ ఒకటి కాదనే సాపేక్షతతో పొత్తు కుదర్చడం మాత్రం తేలిక కాదు.