రిజిస్ట్రేషను ఎవరి పేరు మీద?

(నెల్లూరులో గ్రంథాలయ వారోత్సవాల ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికమీది పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు, వెనక నిలబడి వింటున్న యువకులకు నమస్కారం. పుస్తక పఠనం గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. చదివేవాళ్లే పేటలో మిగలనప్పుడు చదువు గురించి ఎంత చెప్పినా గోడలకు చెప్పుకున్నట్టే కాబట్టి, అధ్యక్షులవారి అనుమతితో, ఉన్న మనుషులు పేటలో నిలిచి ఉండటం ఎలాగన్నదే ఈ పూట మాట్లాడతాను.

రంగనాయకులపేటలో మా వీధిలో ఒక మండువా పెంకుటిల్లు ఉండేది. మధ్యలో బావి, చుట్టూ ఆరు వాటాలు. ఒక వాటాలో జాకెట్లు కుట్టే ఆమె, పక్క వాటాలో ఇడ్లీ బండి నడిపే దంపతులు, ఆ పక్కన ఉత్సవాలకు నాదస్వరం వాయించే పెద్దాయన, ఇలా అందరూ బాడుగకు ఉన్నవాళ్లే. కరెంటు సబ్‌మీటర్లు ఆరూ వసారా గోడకు వరసగా ఉండేవి. ఒక్కోదాని కింద ఒక్కో కుటుంబం ఇంటిపేరు బొగ్గుతో రాసి ఉండేది. ఇంటి యజమాని కాలం చేశాక, విదేశాల్లో ఉన్న వారసులు ఆ ఇంటిని అమ్మకానికి పెట్టారు. వాళ్లను తప్పు పట్టడానికి నేను రాలేదు. రొయ్యల చెరువుల డబ్బు, 2008లో మొదలైన కృష్ణపట్నం ఓడరేవు చుట్టూ వచ్చిన వ్యాపారం, కాలేజీల హాస్టళ్లకు భవనాలకు భవనాలే బాడుగకు తీసుకునే పద్ధతి, ఇవన్నీ కలిసి మన ఊరి అంకణం ధరను, అంటే 72 చదరపు అడుగుల నేల ధరను, కుట్టుకూలి మీద బతికే మనిషి ఊహకు కూడా అందనంత ఎత్తుకు తీసుకుపోయాయి. లండన్ నగరంలో కూలివాళ్ల పేటల్లోకి డబ్బున్నవాళ్లు వచ్చి చేరుతుంటే పాతవాళ్లు చెల్లాచెదురు కావడం గురించి సమాజ శాస్త్రవేత్త రూత్ గ్లాస్ 1964లోనే రాశారు. మనకు ఆ సంగతి ఇప్పుడు సందు చివర కనిపిస్తోంది.

ఆ ఇంటి ఆడవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. చీటీలు పాడి, మెడలో ఉన్నవి తాకట్టు పెట్టి, బయానాకు సరిపడా సొమ్ము కూడగట్టారు. మిగిలింది అప్పు తెచ్చి, బాడుగగా కడుతున్నదాన్నే వాయిదాలుగా కట్టుకుంటామని మధ్యవర్తి దగ్గరకు వెళ్లారు. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగాడు: "రిజిస్ట్రేషను ఎవరి పేరు మీద చెయ్యాలమ్మా?" ఒకరి పేరు మీదంటే మిగతా ఐదుగురికి నమ్మకం కుదరలేదు. ఆరుగురి పేర్ల మీదంటే, రేపు ఎవరికి ఆసుపత్రి ఖర్చు వచ్చినా వాళ్ల వాటా బయటివాడి చేతికి పోతుందన్న భయం పట్టుకుంది. వాళ్లు ఆ మాట తేల్చుకునేలోపే ఒక బిల్డరు బయానా ఇచ్చి ఇల్లు డెవలప్‌మెంటుకు తీసుకున్నాడు. డబ్బు కొరవడి పోయిన ఇళ్లు చాలా చూశాం గానీ, ఈ ఇల్లు మాత్రం కాగితం మీద రాయడానికి ఒక పేరు లేక పోయింది. ఈ సంగతి ఎన్ని సభల్లో చెప్పినా నాకు కడుపుమంట చల్లారడం లేదు, మళ్లీ చెబుతున్నందుకు పెద్దలు మన్నించాలి.

నాకు చీరాల–పేరాల ఉద్యమం గుర్తుకొస్తుంది. చీరాల అప్పుడు గుంటూరు జిల్లా, తరువాత ప్రకాశం, ఇప్పుడు బాపట్ల. జిల్లాలు మారినా ఆ ఘనత తగ్గలేదు. మునిసిపాలిటీ పన్నులు మోయలేమని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట జనం ఇళ్లు వదిలి, ఊరి సరిహద్దు బయట రామనగరం కట్టుకుని, దాదాపు పదకొండు నెలలు అక్కడే కాపురాలు చేశారు. వాళ్లు కలిసి వెళ్లారు కనుక అది ఉద్యమమైంది. మన వీధివాళ్లు నెలాఖరున ఒక్కొక్కరుగా టాటా ఏస్ బండిలో సామాను వేసుకుని పోతున్నారు కనుక దానికి లెక్కాపత్రం లేదు, కనీసం వార్త కూడా కాదు.

ఇక పేరు సంగతికి వస్తాను. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారు వంద ఎకరాలు ఇవ్వడంతో వినోబా భావే భూదానం మొదలైంది. దాని నుంచి పుట్టిన గ్రామదానంలో నేల హక్కు ఊరి సభకు చెందుతుంది. దున్నుకునేవాడు దున్నుకుంటాడు, పిల్లలకు ఇచ్చుకుంటాడు, బయటివాడికి మాత్రం అమ్మలేడు. ఈ పద్ధతిని మనం తరువాత మరిచిపోయాం గానీ, 1969లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో చార్లెస్ షెరాడ్ వంటి నల్లజాతి ఉద్యమకారులు గ్రామదానాన్నీ పరిశీలించి, సుమారు 5,700 ఎకరాలు ఉమ్మడి ట్రస్టు పేరుతో కొన్నారు. ఆ దేశంలోనే వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్ నగరం 1984లో అదే సూత్రాన్ని ఇళ్లకు పట్టించింది. నేల ట్రస్టుది, దాని మీది ఇల్లు కుటుంబానిది. "మరి మా పిల్లలకు ఏం మిగులుతుంది?" అని ఇక్కడ కూర్చున్న అమ్మలు అడుగుతారు, అడగాలి. బర్లింగ్టన్ పద్ధతిలో, పెరిగిన ధరలో నాలుగోవంతు అమ్మేవాళ్లది. పది లక్షలు పెట్టి కొన్న ఇల్లు ముప్పై లక్షలైతే, అమ్మే కుటుంబం పదిహేను లక్షలు తీసుకుని వెళుతుంది. తరువాత వచ్చే దర్జీ కుటుంబానికి అదే పదిహేను లక్షలకు ఇల్లు దొరుకుతుంది.

దీన్ని నేను గుడ్డిగా మెచ్చుకోవడం లేదు. జార్జియావాళ్ల భూమి కరువుకీ, అందవలసిన సర్కారు రుణం అందనివ్వని వివక్షకీ బలై, 1985లో అప్పుల కింద పోయింది. ఉమ్మడి ఆస్తికి మొదటి శత్రువు తీర్చలేని అప్పు. రెండవ శత్రువు మనలోనే ఉంది. ఉమ్మడి ఆస్తి మనకు కొత్తేమీ కాదు, ఏ యాత్రాస్థలానికి వెళ్లినా చందాలతో కట్టిన సత్రాలు బారులు తీరి ఉంటాయి. కానీ ఒక్కో సత్రం గుమ్మం మీద ఒక్కో కులం పేరు ఉంటుంది. రేపు మనం పెట్టుకునే సంఘంలో కులమూ మతమూ అడిగి ఇల్లు ఇవ్వకూడదన్న నిబంధన బైలాలో మొదటి పేజీలోనే లేకపోతే, నేను అందులో సభ్యుడిగా ఉండను.

అక్కచెల్లెళ్లారా, ఈ జిల్లాలో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించి 1992లో రాష్ట్రాన్ని కదిలించారు. ఆ వెనకనే రోజుకు రూపాయి చొప్పున పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి. ఆ పొదుపు మీద గేదెలు కొన్నాం, కుట్టుమిషన్లు కొన్నాం, ఫీజులు కట్టాం. నలుగురి పేరు మీద నాలుగు అంకణాల నేల మాత్రం ఎంతమంది కొన్నాం? చట్టం అడ్డమని అనకండి. ప్రభుత్వ వాటా ధనం లేకుండా సభ్యులే నడుపుకొనే సంఘాల కోసం 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. దాని కింద నమోదైన సంఘానికి తన పేరు మీద ఆస్తి కొనుక్కునే హక్కు ఉంది. మధ్యవర్తి అడిగిన ప్రశ్నకు జవాబు అదే.

మా వీధి మలుపులో మూడు వాటాల ఇల్లు ఒకటి సంక్రాంతి తరువాత అమ్మకానికి రాబోతోందని దాని యజమానురాలు స్వయంగా చెప్పారు; బాడుగకు ఉన్నవాళ్లు కొంటామంటే కొంతకాలం ఆగడానికి ఆమెకు అభ్యంతరం లేదు. సంఘం నమోదుకు కావలసిన దరఖాస్తునూ బైలా ముసాయిదానూ నా వెంట తెచ్చాను. సంఘం లీడర్లు సభ ముగిశాక ఆధార్ నకళ్లతో పఠనమందిరంలోకి రావాలని కోరుతున్నాను. తాళం ఎనిమిదింటికి వేస్తారట. లైబ్రేరియన్‌గారు మరో అరగంట ఆగుతామన్నారు, వారికి నా కృతజ్ఞతలు.