ఆక్సిజన్ సెన్సార్ నిజంగా పోయిందా? ఈ ఓబీడీ స్కానర్ గ్రాఫ్‌లో చూద్దాం

నమస్తే అండి. నా చేతిలో ఉన్నది బ్లూటూత్ ఓబీడీ స్కానర్, అంటే కారు సాకెట్‌లో పెడితే ఇంజిన్ కంప్యూటర్‌లోని సమాచారాన్ని ఫోన్‌లో చూపించేది. కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. నేను డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో కూడా వాళ్లకి ముందుగా చూపించలేదు. ఏయే ఫోన్లలో పనిచేస్తుంది, బాక్సులో ఏమేం వస్తాయి అన్నవి మీరు ఈపాటికి చూసే ఉంటారు. నేను దీన్ని ఒక్క పని కోసం వాడాను, ఆ సంగతే చెప్తాను.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న బీఎస్ 4 పెట్రోల్ కారు. మైలేజీ పడిపోయింది, సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన, ఆ తర్వాత చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పీ0133 అని కోడ్ వచ్చింది. అంటే పొగని శుభ్రం చేసే కన్వర్టర్‌కి ముందు, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే సెన్సార్ నెమ్మదిగా స్పందిస్తోందని. చాలామంది ఇక్కడే ఆగిపోయి, కోడ్‌లో సెన్సార్ పేరుంది కదా అని కొత్తది బిగించేస్తారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడేనండి! ఇంజిన్ కంప్యూటర్‌కి ఏం కనబడిందో అంతవరకే కోడ్ చెప్తుంది. ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే మ్యానిఫోల్డ్ గొట్టం గాస్కెట్ దగ్గర లీకై బయటి గాలి లోపలికి వచ్చినా, కనెక్టర్‌లో తుప్పు పట్టినా నింద సెన్సార్ మీదే పడుతుంది.

అందుకే గ్రాఫ్ చూడాలి. ఈ సెన్సార్ ఇచ్చేది చిన్న వోల్టేజీ, సుమారు 0.1 నుంచి 0.9 వోల్టుల దాకా. 0.45 కంటే కింద ఉంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలితో పోలిస్తే పెట్రోల్ తక్కువ, పైన ఉంటే ఎక్కువ. కంప్యూటర్ దాన్ని చూసుకుంటూ పెట్రోల్ కాస్త పెంచుతుంది, కాస్త తగ్గిస్తుంది. కాబట్టి ఇంజిన్ బాగా వేడెక్కాక మొదటి సెన్సార్ గీత గబగబా పైకీ కిందకీ ఎగరాలి. కన్వర్టర్ వెనకున్న రెండోది దాదాపు నిలకడగా ఉండాలి. అదీ మొదటిదానిలాగే ఎగురుతుంటే కన్వర్టర్‌ని అనుమానించాలి.

నా పాత స్కానర్‌లో అంకెలు మాత్రమే వచ్చేవి, అవి కూడా తాపీగా మారేవి. అంత నెమ్మదైన స్కానర్‌తో చూస్తే మంచి సెన్సార్ కూడా బద్ధకంగానే కనబడుతుంది. ఇందులో రెండు సెన్సార్లూ ఒకే స్క్రీన్ మీద గీతలుగా వస్తాయి, వేగంగా కదులుతాయి. ఒక్క జాగ్రత్త: ఆ రెండే ఎంచుకోండి. స్పీడు, టెంపరేచర్ అంటూ పది పెట్టుకుంటే ఇదీ నెమ్మదిస్తుంది.

ఇంజిన్‌ని 2500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి చూశాను. గీత ఎగరడం లేదు, ఏటవాలుగా పాకుతోంది. యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కితే వెంటనే 0.9 దగ్గరికి వెళ్లాలి, వదలగానే సున్నా దగ్గరికి పడాలి. నాది రెండు వైపులా ఆలస్యమే. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి మ్యానిఫోల్డ్ దగ్గర లీకుంటే వచ్చే టిక్‌టిక్ శబ్దం ఉందేమో విన్నాను, లేదు. కనెక్టర్ శుభ్రంగానే ఉంది. అప్పుడే కొత్త సెన్సార్ కొన్నాను. కొన్ని కార్లలో ముందు వైపు వైడ్‌బ్యాండ్ అనే మరో రకం సెన్సార్ ఉంటుంది, దాని గీత ఇలా ఎగరదు. మీ కారులో ఏది ఉందో ముందు తెలుసుకోండి.

మార్చడం పెద్ద పని కాదు, ఊడదీయడమే కష్టం. ముందు రోజు రాత్రి మరల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. వైరు పట్టేలా పక్కన చీలిక ఉన్న సాకెట్ దొరుకుతుంది, ఎక్కువగా 22 మిల్లీమీటర్లది. మామూలు పానాతో తంటాలు పడితే అంచులు అరిగిపోతాయి. కొత్తదాన్ని ముందు చేత్తోనే తిప్పండి. మరలకి పూసే గ్రీజు సెన్సార్ కొనకి అంటకూడదు, వైరు సైలెన్సర్‌కి తగలకూడదు. బిగించాక గ్రాఫ్ చూశాను... గీత గంతులు వేస్తోందండి! మనసు నిండిపోయింది.

నచ్చనిది ఒకటుంది. యాప్‌లో అన్నిటికంటే పైన, ఎర్రగా, పెద్దగా ఉన్న బటన్ కోడ్ తుడిచేసేది. అది నొక్కితే లోపం వచ్చిన క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో దాచుకున్న సమాచారం కూడా పోతుంది. దాన్ని లోపలెక్కడో పెట్టాలి, కంపెనీ వాళ్లు ఇది మార్చి తీరాలి.

అయినా కొనమనే చెప్తాను, ఆ గ్రాఫ్ కోసమే. సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తే జేబులో వేసుకెళ్లండి. రెడీనెస్ మానిటర్లు అనే పేజీ తెరవండి, కారు తన భాగాలని తానే పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో అందులో ఉంటుంది. చాలావరకు పూర్తి కాలేదని చూపిస్తే, ఈమధ్యే కోడ్ తుడిచి ఉంటారు, లేదా బ్యాటరీ తీసి ఉంటారు. కారు కొన్ని రోజులు నడిపి మళ్లీ చూపించమనండి. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు.