"ఏదైనా రాయరా" అంటే రాయరు, ఈ ఆటలు ఆడించి చూడండి

[స్క్రీన్ మీద: ఖాళీ పేజీ, పక్కన పెన్సిల్ చెక్కుతున్న పిల్లాడు]

"కాసేపు కూర్చుని ఏదైనా రాయరా" అంటాం, వాడు పెన్సిల్ చెక్కుతాడు, లేచి మంచినీళ్లు తాగొస్తాడు, మళ్లీ చెక్కుతాడు, పేజీ మాత్రం అలాగే ఉంటుంది. మనం బద్ధకం అనుకుంటాం గానీ వాడి బాధేంటంటే, రాస్తే ఎవరు చదువుతారు? టీచర్ అయితే మార్కులేస్తారు, అమ్మ అయితే తప్పులు వెతుకుతుంది, ఇంక ఎవరి కోసం రాయాలి చెప్పండి. అందుకే నేను చెప్పబోయే ఆటలన్నిట్లో కిటుకు ఒక్కటే, పిల్లలు రాసింది ఎవరో ఒకరు వెంటనే చదివి ఏదో ఒకటి చెయ్యాలి.

[నాన్న చేతిలో బ్రష్, పేస్ట్ ట్యూబ్]

ముందు నాకు బాగా నచ్చినది. పళ్లు ఎలా తోముకోవాలో స్టెప్ బై స్టెప్ రాయమనండి, ఆ పేపర్ పట్టుకుని మీరు రాసింది రాసినట్టే చేసెయ్యండి. "బ్రష్ మీద పేస్ట్ పెట్టాలి" అని ఉందా, మూత తియ్యమని ఎక్కడా లేదు కదా, మూతతో సహా ట్యూబ్ తీసుకెళ్లి బ్రష్ మీద పెట్టండి. "నోట్లో పెట్టుకుని తోమాలి" అని ఉందా, ఏది పెట్టుకోవాలో రాయలేదుగా, ట్యూబ్ నోటి దాకా తీసుకెళ్లండి. పడీపడీ నవ్వుతారు, "అలా కాదు నాన్నా" అని అరుస్తారు. మీరేమీ వాదించొద్దు, "ఇందులో అలా లేదు మరి" అని పేపర్ వాళ్ల చేతికిచ్చెయ్యండి, చాలు. తిరగరాయమంటే ఏడుపు మొహం పెట్టే పిల్లలు కూడా ఇక్కడ లాక్కుని మరీ దిద్దుతారు, ఎందుకంటే తప్పు వాళ్ల కళ్ల ముందే కనిపించింది. కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసేవాళ్ల తిప్పలు కూడా ఇవే, మెషీన్ మనం రాసిందే చేస్తుంది, మనసులో అనుకున్నది చెయ్యదు. తర్వాత రోజు షూ లేసులు కట్టుకోవడం రాయమనండి, అది పెద్దవాళ్లకే కష్టం, మీరూ ఒకసారి రాసి చూడండి.

[మడతలు పెట్టిన పేపర్]

రెండోది మడత కథ. ఇలాంటి ఆట 1920ల్లో పారిస్‌లో సర్రియలిస్టులు, అంటే కలల్లాంటి వింత ఊహలతో రాసే కవులు, బొమ్మలేసే ఆర్టిస్టులు ఆడేవాళ్లు. ఒకరు "ఎవరు" రాసి మడత పెట్టి పక్కవాళ్లకివ్వాలి, వాళ్లు పైన ఏముందో చూడకుండా "ఎక్కడ", తర్వాతివాళ్లు "ఎందుకు", ఆఖరివాళ్లు "ఏం చేశారు". చివర్లో "చేశారు, వెళ్లారు" అనే రాయమనండి, పైన ఎవరొచ్చినా వాక్యం కుదురుతుంది. విప్పి చదివితే "మా ప్రిన్సిపాల్ గారు చంద్రుడి మీద తుమ్ము ఆగక ఏనుగుకి జడ వేశారు" లాంటివి వస్తాయి.

[వర్ణమాల చార్ట్]

కొంచెం పెద్ద పిల్లలైతే సీక్రెట్ కోడ్. జూలియస్ సీజర్ తన ఉత్తరాల్లో ఒక్కో అక్షరం బదులు దాని తర్వాత వచ్చే మూడో అక్షరం రాసేవాడు. మనకి ఒక్క అక్షరం జరిపితే చాలు, క బదులు ఖ, చ బదులు ఛ, గుణింతం మార్చొద్దు. "మంచం కింద చూడు" అనేది "యంఛం ఖింధ ఛూఢు" అయిపోతుంది. నిజంగానే మంచం కింద ఏదో ఒకటి దాచండి, లేకపోతే ఇంకోసారి మీ మాట నమ్మరు. వర్ణమాల వరస గుర్తులేని పిల్లలు కూడా చార్ట్ ముందు నుంచి కదలరు.

ఇంకా చిన్నపిల్లలైతే? అక్షరం గుర్తుతెచ్చుకోవడం, చేత్తో దిద్దడం, కథ ఆలోచించడం, మూడూ ఒకేసారి అంటే వాళ్లకి చాలా భారం, చెయ్యి కూడా తొందరగా నొప్పెడుతుంది. కథ వాళ్లు చెప్తే మీరు రాయండి, కింద పేరు మాత్రం వాళ్లతో రాయించండి. మీరు సొంతంగా భాష బాగుచెయ్యొద్దు సుమా, "కుక్క ఎగిరిపోయి ఎగిరిపోయి ఎగిరిపోయింది" అంటే మూడుసార్లూ రాయాలి. పెద్దపిల్లల విషయంలో కూడా ఆట మధ్యలో స్పెల్లింగ్ దిద్దకండి, దానికి స్కూల్ హోంవర్క్ ఎలాగూ ఉంది.

[ఫ్రిజ్ మీద అతికించిన చీటీ]

ఆఖరిది, అర్జీ. ఇంకో అరగంట ఆడుకోవాలన్నా, రాత్రి లేటుగా పడుకోవాలన్నా నోటితో అడిగితే చెల్లదు, మూడు కారణాలతో రాసివ్వాలి, మీరు కూడా రాతలోనే జవాబివ్వాలి. "కుదరదు" అని రాస్తే ఎందుకు కుదరదో మీరూ మూడు కారణాలు రాయాల్సిందే, అక్కడే మనకి చెమటలు పడతాయి. వాళ్ల కారణాలు గట్టిగా ఉంటే మాత్రం ఒప్పేసుకోండి.