ముందు లెక్క, ఆ తర్వాతే లక్ష్యం

అందరికీ నమస్కారం.

1993 జూన్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 836వ తీర్మానం చేసింది. యుద్ధం జరుగుతున్న బోస్నియాలో స్రెబ్రెనిత్సా పట్టణంతో సహా ఆరు ప్రాంతాల మీద దాడులు జరక్కుండా చూడమని శాంతిదళాలకు పని అప్పగించింది. అందుకు సుమారు 34,000 మంది అదనపు సైనికులు కావాలని సెక్రటరీ జనరల్ లెక్క చెప్పారు. అంతమందిని ఇవ్వడానికి దేశాలు ముందుకు రాలేదు. చివరికి 7,600 మందితో సరిపెట్టారు. అడిగినదాంట్లో నాలుగో వంతు కూడా కాదు. అయినా అప్పగించిన పనిలో మాత్రం ఒక్క ముక్క తగ్గించలేదు. మనుషులు తక్కువైనా, దాడి చేసేవాళ్లకు యుద్ధవిమానాల భయం ఉంటుంది కదా అనుకున్నారు.

స్రెబ్రెనిత్సాలో కాపలా ఉన్న డచ్ సైనికుల సంగతి చూడండి. కొన్ని వందల మంది, చేతిలో తేలికపాటి ఆయుధాలు. చుట్టూ ఉన్న సెర్బ్ బలగాలు డీజిల్ కాన్వాయ్‌లను రానివ్వకపోతే వాహనాలు పక్కన పెట్టి నడుచుకుంటూ పెట్రోలింగ్ చేశారు. లోపలున్న జనానికి ఈ లెక్కలేవీ తెలియవు. శాంతిదళాల నీలం హెల్మెట్ కనబడింది, ఇక ప్రాణానికి భయం లేదనుకున్నారు. 1995 జూలై 11న పట్టణం పడిపోయింది. తర్వాతి రోజుల్లో సుమారు 8,000 మంది మగవాళ్లను, అబ్బాయిలను చంపేశారు. ఆ నేరం చంపినవాళ్లదే, అందులో సందేహం లేదు. కానీ కాపాడతామన్న మాట వెనక బలం లేదన్నది రెండేళ్ల ముందే కాగితం మీద ఉంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

వనరులంటే తలల లెక్క ఒక్కటే కాదు. 1982 మే 25న, బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన ఫాక్లాండ్స్ యుద్ధంలో, అట్లాంటిక్ కన్వేయర్ అనే బ్రిటిష్ సరుకు ఓడ దెబ్బతింది. దాంతోపాటు పెద్ద బరువులు మోసే మూడు చినూక్ హెలికాప్టర్లు పోయాయి, ఒక్కటే మిగిలింది. హెలికాప్టర్లలో వెళ్లాల్సిన బ్రిటిష్ సైనికులు చాలామంది బరువులు మోసుకుంటూ బురదలో నడిచారు. అందుకే ప్లాన్‌లో ప్రతి పని పక్కనా అది దేని మీద ఆధారపడిందో రాయమంటాను. అది పోతే ఏం ఆగిపోతుందో కూడా.

2000లో ఐక్యరాజ్యసమితి శాంతిదళాల పనితీరును సమీక్షించిన లఖ్దర్ బ్రహిమి కమిటీ ఒక సూచన చేసింది. సైనికుల్ని ఇస్తామని దేశాలు గట్టిగా మాటిచ్చేదాకా భద్రతామండలి తీర్మానాన్ని ముసాయిదాగానే ఉంచాలని. మీలో ప్లానింగ్ చూసేవాళ్లు దీన్ని మీ బల్ల దగ్గర కూడా పాటించవచ్చు. అడిగినదాంట్లో సగమిచ్చి 'సర్దుకోండి' అంటే, ఏ పని జరగదో స్పష్టంగా రాయండి. ఆ కాగితం మీద ఆదేశమిచ్చినవారి సంతకం అడగండి.