గుంజలు పాతిన గుంతలు

(జాతీయ క్రీడా దినోత్సవం నాడు తిరుపతిలో ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, వెనకాల గోడకానుకుని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి కదా నాయనా, వచ్చి కూర్చోండి. వీఐపీ అని చీటీలు అంటించారు, నిజమే. వాళ్లు రావడానికి ఇంకా గంట పడుతుంది. రండి, రండి.

ఈరోజు ఆగస్టు 29, ధ్యాన్‌చంద్ పుట్టినరోజు. హాకీ గురించి చెప్పాల్సిన రోజున ఫుట్‌బాల్ వాణ్ణి పిలిచారు. పది నిమిషాలు ఇచ్చారు. ముప్ఫై ఏళ్లు విజిల్ ఊదినవాణ్ణి, టైమ్ సంగతి నాకు తెలుసు. ఆట చివర కలిపే ఇంజురీ టైమ్ సంగతి కూడా తెలుసు.

నాకిచ్చిన అంశం చిన్న లీగులు. అంటే టీవీలో రానివి. పైన ఐఎస్‌ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్ ఉంది, దాని కింద మరికొన్ని మెట్లున్నాయి, వాటికీ కింద రాష్ట్రాల లీగులున్నాయి. ఆ కింది మెట్ల మీద ఆడేవాణ్ణి సెమీ ప్రొఫెషనల్ అంటారు. మాటకు పెద్ద అర్థం వెతక్కండి. పగలు ఏదో ఒక కొలువు, సాయంత్రం బంతి. మ్యాచ్‌కు ఇంతని చేతిలో పెడితే ఆడతాడు, పెట్టకపోయినా చాలాసార్లు ఆడతాడు.

ఇంగ్లండులో జేమీ వార్డీ అని ఒకాయన ఉన్నాడు. స్టాక్స్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊరి క్లబ్బులో వారానికి 30 పౌండ్లకు ఆడాడు. పగలంతా ఫ్యాక్టరీలో పని. అక్కణ్ణుంచి ఒక్కో మెట్టూ ఎక్కి, 2016లో లెస్టర్ సిటీ క్లబ్బు అక్కడి పైమెట్టయిన ప్రీమియర్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టుకు గోల్స్ కొట్టిపెట్టాడు. వాడి కాళ్ల గొప్పతనం ఉంది, కాదనను. అయితే వాడికి ఎక్కడానికి మెట్లున్నాయి. ప్రతి శనివారం మ్యాచ్ ఉంది. మన పిల్లవాడికి మ్యాచ్ ఎప్పుడుంది? ఎవరో ఒక నాయకుడి పుట్టినరోజుకుంది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పనివ్వండి, లెక్కల మాస్టర్లు ఎవరైనా ఉంటే సరిచేయండి. ఎనిమిది జట్లతో నాకౌట్ టోర్నమెంటు పెడితే మొత్తం మ్యాచ్‌లు ఏడు. అందులో నాలుగు జట్లు ఒక్క మ్యాచ్‌తో సరి. పుంగనూరు నుంచో పలమనేరు నుంచో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన పిల్లలు పదిన్నరకల్లా ఓడిపోయి, ఇచ్చిన ఉప్మా తిని, మళ్లీ బస్టాండుకు వెళ్తారు. అదే ఎనిమిది జట్లకు లీగ్ పెట్టండి. ఒక్కో జట్టు మిగతా ఏడింటితో రెండేసి సార్లు, అంటే పద్నాలుగు మ్యాచ్‌లు. మొత్తం యాభై ఆరు. ఓడినవాడికి వచ్చే ఆదివారం ఇంకో మ్యాచ్ ఉంటుంది. ఆట అలా వస్తుంది. ట్రోఫీ ఆరడుగులు చేయించినంత మాత్రాన రాదు. ఆ ట్రోఫీని బస్సులో ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు పాపం వాళ్లకు.

మనకు చేతకాదనుకోవద్దు. రాష్ట్రాల జట్లు ఆడే జాతీయ ఫుట్‌బాల్ పోటీ సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ 1965-66లో గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు కోచ్ హైదరాబాద్ వాడు, సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు, మా జాతి. ఎడమకాలు చేతకానివాళ్లు అది నేర్చుకోవాలని, బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలని టోర్నమెంట్లు పెట్టాడాయన. సికింద్రాబాద్ అవతలి నుంచి తులసీదాస్ బలరాం అనే కుర్రవాడు ప్రాక్టీసుకు రాలేనంటే, సైకిల్ అద్దెకు డబ్బులు తన జేబులోంచి ఇచ్చాడు. ఆ బలరామే మెల్‌బోర్న్‌లో ఆడాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. సైకిల్ అద్దె! స్టేడియం కాదు, అకాడమీ కాదు.

అద్దె మాట వచ్చింది కాబట్టి మైదానం అద్దె గురించి చెప్పాలి. చెప్పొద్దని ఇంట్లో మా ఆవిడ అంది. చెబుతాను.

చిత్తూరు వైపు ఒక మైదానం, పేరెందుకు. మంచి కొలతలున్న మైదానం, 105 మీటర్ల పొడవు, 68 వెడల్పు సరిగ్గా పడుతుంది. దాంట్లో ఎగ్జిబిషన్ పెడతారు, సభలు పెడతారు. షామియానాకు గుంజలు పాతుతారు. సభ అయిపోగానే గుంజలు పీక్కుపోతారు, గుంతలు మాకు వదిలిపెడతారు. ఏ పార్టీ అని అడక్కండి. అన్ని పార్టీల గుంజలూ ఒకే లోతు.

మా జట్టుకు ఒక గోల్‌కీపర్ ఉండేవాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. తోతాపురి సీజన్ వచ్చిందంటే రాత్రి షిఫ్టులు. షిఫ్టు దిగి నేరుగా మైదానానికి వచ్చేవాడు. చేతులు ఎంత కడిగినా వాసన పోదు, వాడు పట్టుకున్న బంతి కూడా మామిడి వాసన వేసేది. మేం నవ్వేవాళ్లం. మ్యాచ్‌కు 200 రూపాయలూ బస్ చార్జీ ఇచ్చేవాణ్ణి. అదీ నేను కొట్లు తిరిగి చందా ఎత్తి తెచ్చిన డబ్బే.

ఒక ఆదివారం మ్యాచ్. ముందురోజు సభ జరిగింది. తెల్లవారి ఐదింటికి నేనూ నలుగురు పిల్లలూ తట్టలు తీసుకుని వెళ్లాం. గుంతలు లెక్కపెట్టాను, నలభై మూడు. ఒక్కోదాంట్లో మట్టి వేసి, నీళ్లు పోసి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ వేసి... నలభై ఒకటి అయ్యాయి. అంతలో ముఖ్య అతిథి కారు వచ్చేసింది. సార్, మొదలుపెట్టండి, సార్‌కు ఇంకో ప్రోగ్రాం ఉంది అని నిర్వాహకులు ఒకటే తొందర. మిగిలిన రెండూ గోల్ ముందుండే పెనాల్టీ బాక్సులో. నేనే పైపైన మట్టి కప్పి కాలితో తొక్కాను. తొక్కి విజిల్ ఊదాను.

సెకండాఫ్‌లో కార్నర్ వచ్చింది. మా గోల్‌కీపర్ గోల్ వదిలి ముందుకొచ్చి పైకెగిరాడు, బంతి పట్టుకున్నాడు కూడా. దిగింది ఆ గుంతలో. మోకాలు తిరిగిపోయింది. బంతి మాత్రం వదల్లేదు. స్ట్రెచర్ లేదు. వేదిక వెనక ఫ్లెక్సీ విప్పి, దాని మీద పడుకోబెట్టి మోసుకెళ్లాం. ఎవరి ఫ్లెక్సీ అనేది చెప్పను, ముఖం పైకే ఉంది.

ఆ తర్వాత వాడు ఆడలేదు. ఆ సీజన్‌లో ఫ్యాక్టరీ పనీ పోయింది, పన్నెండు గంటలు నిలబడలేని వాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? ఇప్పుడు ఆటో తోలుతున్నాడు. నేను ఎక్కితే డబ్బులు తీసుకోడు. బలవంతంగా జేబులో పెడితే దిగేటప్పుడు నా సంచిలో వేసేస్తాడు. ఒక్కసారైనా తిడితే బాగుండు. నేను వాడి ఆటో కనిపిస్తే పక్క సందులోంచి వెళ్తున్నాను.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, నేనూ చూశాను. చిన్న లీగుల అభివృద్ధికి సూచనలని ఒక కాగితం రాసుకొచ్చాను, జేబులోనే ఉంది, అధ్యక్షుల వారికి ఇచ్చి వెళ్తాను. పెద్దలకు ఒక్కటే మనవి. మైదానం అద్దెకిచ్చేటప్పుడు, గుంతలు పూడ్చేదాకా డిపాజిట్ తిరిగి ఇవ్వకండి. కల్యాణ మండపం వాళ్లు చెంచా పోయినా డిపాజిట్‌లో కోస్తారు కదా.

పిల్లలూ, మీతో ఒక మాట. ఇక్కడ మనం ప్రాక్టీసు చేసే మైదానంలో మొన్న సభ జరిగింది. నిన్న వెళ్లి చూశాను, ఇరవై ఆరున్నాయి. ఆదివారం పొద్దున్నే ఐదున్నరకు రండి. మ్యాచ్ ఎనిమిదింటికి, ఎవరి కారొచ్చినా ఇరవై ఆరూ పూడ్చాకే మొదలుపెడతాం. తట్టలు నేను తెస్తాను. దిమ్మిస ఒక్కటే ఉంది, ఎవరింట్లోనైనా ఉంటే పట్టుకురండి.