లైనక్స్‌లో సౌండ్ తెగుతోందా? ముందు ఈ కాలమ్ చూడండి

అందరికీ నమస్కారం. గాజువాక నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఉబుంటులో పాట పెడితే గరగరమంటూ తెగితెగి వస్తోంది. మళ్లీ విండోస్ ఎక్కించేయమంటావా?" ఆగు తమ్ముడూ, అంత దూరం వెళ్లకు.

ముందు బ్లూటూత్ తీసేసి, వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టి విను. వైరులో బాగుంటే గొడవ బ్లూటూత్‌ది. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్‌లో. వైఫై కూడా అందులోనే ఉంటే రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి చూడు. ద్వారకానగర్ హాస్టళ్లలో ఉండేవాళ్లకైతే చెప్పనక్కర్లేదు, గోడకో రౌటర్!

వైరులోనూ తెగుతోందా? అసలు సంగతి ఇక్కడుంది. ఉబుంటు 22.10 నుంచి, ఇంకో రకం లైనక్స్ అయిన ఫెడోరాలో 34 నుంచి సౌండ్ పని చూసేది పైప్‌వైర్ అనే ప్రోగ్రామ్. పాట ఆడుతుండగా టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) పీడబ్ల్యూ, హైఫన్, టాప్ అని కొట్టండి. అందులో ఈ-ఆర్-ఆర్ అనే కాలమ్ ఉంటుంది. పాట తెగినప్పుడల్లా ఆ అంకె పెరుగుతోందంటే, శబ్దం టైముకి అందడం లేదన్నమాట.

అందులోనే క్వాంట్ అని ఇంకో కాలమ్ ఉంటుంది. క్వాంట్ అంటే క్వాంటమ్, ఒక్కో విడతలో సిద్ధం చేసే శబ్దం ముక్కల లెక్క. రేటు అంటే సెకనుకి ఎన్ని ముక్కలు అని. అక్కడ 1024, రేటు 48000 ఉందనుకోండి. ఒక్కో విడతకి సుమారు 21 మిల్లీసెకన్ల శబ్దం సిద్ధం కావాలి. 256 ఉంటే ఉన్న టైము అయిదు మిల్లీసెకన్లే! పాత ల్యాప్‌టాప్ పాపం ఎక్కడ అందుకుంటుంది? అందుకే ఈ కమాండ్ ఇవ్వండి: పీడబ్ల్యూ హైఫన్ మెటాడేటా, స్పేస్, హైఫన్ ఎన్, స్పేస్, సెట్టింగ్స్, స్పేస్, సున్నా, స్పేస్, క్లాక్ డాట్ ఫోర్స్ హైఫన్ క్వాంటమ్, స్పేస్, 2048. అన్నీ చిన్న అక్షరాలే. శబ్దం ఇంకాస్త ఆలస్యంగా వస్తుంది, కానీ సినిమా చూసేవాళ్లకి అది తెలియదు. కీబోర్డు వాయిస్తూ రికార్డు చేసేవాళ్లకి మాత్రం చిరాకే. నచ్చకపోతే 2048 బదులు సున్నా పెట్టండి, మామూలైపోతుంది. రీస్టార్ట్ చేసినా పోతుంది కాబట్టి టెన్షన్ పడకండి.

ఈ-ఆర్-ఆర్ కదలట్లేదు, కానీ పాట మొదట్లో అర సెకను మింగేస్తోందా? అది చాలావరకు సౌండ్ చిప్ కరెంటు పొదుపు కోసం నిద్రపోవడం వల్ల. దానికి క్వాంటమ్ మార్చినా లాభం లేదు, పవర్ సేవింగ్ ఆపాలి.

ఇంకొకటి. నెట్‌లో పాత సలహాలు చూసి, పైప్‌వైర్‌కి ముందు సౌండ్ పని చూసిన పల్స్‌ఆడియో ఫైల్లో టీ-షెడ్ అనే సెట్టింగ్‌ని సున్నా అని రాసేస్తుంటారు. పైప్‌వైర్ ఆ ఫైలు వైపే చూడదు. రాసింది తీసేయండి.